ఫిట్స్ తగ్గడానికి పెరాంపనెలా, లాకోసమైడా?

మా తమ్ముడికి 27 ఏళ్లు. నెలకు అయిదారు సార్లు ఫిట్స్ వస్తున్నాయి, ఎక్కువగా తెల్లవారుజామున 4–6 మధ్య. చూపు నిలిచిపోతుంది, పెదాలు చప్పరిస్తాడు, కుడిచేయి బిగుసుకుంటుంది. ఒకటిన్నర నిమిషంలో ఆగిపోతుంది కానీ, పది నిమిషాల దాకా మమ్మల్ని గుర్తుపట్టడు. ఎమ్మారై నార్మల్. వీడియో ఈఈజీలో (వీడియో తీస్తూ మెదడు విద్యుత్ తరంగాలు నమోదు చేసే పరీక్ష) మెదడులో ఎడమ టెంపొరల్ భాగం (కణత వైపు) నుంచి మొదలవుతున్నట్టు తేలింది.

లెవెటిరాసెటమ్ అనే ఫిట్స్ మందు రోజుకు 3000 మి.గ్రా. దాకా వాడాం. ఫిట్స్ కొంత తగ్గాయి గానీ కోపం విపరీతం, గిన్నెలు విసిరేసేవాడు. అది మాన్పించారు. ఇప్పుడు కార్బమజెపైన్ 400 మి.గ్రా. రెండు పూటలా, రాత్రి క్లోబజామ్ 10 మి.గ్రా. వాడుతున్నాడు. క్లోబజామ్‌తో రెండు నెలలు ఒక్కసారీ రాలేదు, తర్వాత మళ్లీ మామూలే. మాత్ర తప్పలేదు, నిద్ర చెడలేదు, డైరీ రాస్తున్నాం.

ఇప్పుడు డాక్టర్ పెరాంపనెల్ గానీ లాకోసమైడ్ గానీ కలుపుదాం, ఆలోచించుకోండి అన్నారు. కార్బమజెపైన్ ఉంటే పెరాంపనెల్ బలం తగ్గుతుందట, పైగా దానికీ కోపం సమస్య ఉందట. లాకోసమైడ్ కలిపితే తల తిరగడం, రెండుగా కనిపించడం ఎక్కువవ్వొచ్చట. మా టెన్షన్ అదే. తుది నిర్ణయం డాక్టర్‌దే, మాకు కావాల్సింది అనుభవం.

కార్బమజెపైన్ వాడుతూ ఈ రెండిట్లో ఒకటి కలిపినవాళ్లకు, మూడు నెలల తర్వాత నెలకు ఫిట్స్ ఎన్ని నుంచి ఎన్నికి తగ్గాయి?