పైన్ అడవిలో మంట తర్వాత కింది మొక్కలు: ఒకచోట పచ్చగా, పక్కనే బోడిగా ఎందుకు?

ప్రశ్న:
పైన్ అడవిలో మనమే పెట్టిన నేలబారు మంట దాటిపోయిన కొన్ని వారాలకే ఒకచోట గడ్డి పచ్చబడుతుంది. పది అడుగుల అవతల, పడిపోయిన మాను కాలినచోట, రెండేళ్లయినా ఏమీ మొలవదు. ఒకే మంటకు ఇంత తేడా ఎందుకు? మళ్లీ కాల్చేముందు ఏం చూసుకోవాలి?

జవాబు 1:
మంట ఎత్తు చూసి అంచనా వేయకండి. నేలలోకి ఎంత వేడి, ఎంతసేపు దిగిందన్నదే లెక్క. సుమారు 60 డిగ్రీల వేడి ఒక్క నిమిషం తగిలితే చాలు, మొగ్గలూ (కొత్త చిగురు పుట్టే చోట్లు) వేళ్లూ చచ్చిపోతాయి. కానీ మట్టి వేడిని తేలిగ్గా లోపలికి పోనివ్వదు. ఎండు సూదులు (రాలిన పైన్ ఆకులు) భగ్గున అంటుకుని రెండు నిమిషాల్లో ఆరిపోతే 5 సెంటీమీటర్ల లోతున ఉన్న మొగ్గకు సెగ దాదాపు తగలదు. మాను గానీ, సూదుల కింద సగం కుళ్లిన పొర గానీ అలా కాదు. నివురుగప్పిన నిప్పులా గంటల తరబడి రగులుతూ కిందనున్న విత్తనాలను కూడా ఉడికించేస్తాయి.

గుర్తుపట్టడం తేలికే. నల్లటి మసిని వేలితో గీరితే ఇంకా సూదుల ముక్కలు కనిపించాయంటే పైపైన కాలినట్టు. తెల్లబూడిద, దాని కింద ఎర్రబారిన మట్టి ఉంటే లోతుగా కాలినట్టు.

జవాబు 2:
మొగ్గ ఎక్కడుందో కూడా చూడాలి. బ్రాకెన్ ఫెర్న్ కాండం మట్టిలో లోతుగా పాకుతుంది కాబట్టి మళ్లీ లేస్తుంది. కుళ్లిన పొరలోనే వేళ్లు పరుచుకునే మొక్కలు ఆ పొరతోపాటే పోతాయి. సియానోథస్ అనే పొద గింజలకైతే వేడి తగిలితేనే గట్టి పెంకు పగులుతుంది.

కాలం కూడా ముఖ్యమే. అమెరికా ఆగ్నేయాన లాంగ్‌లీఫ్ పైన్ అడవుల్లో పెరిగే వైర్‌గ్రాస్ అనే గడ్డిని చలికాలంలో కాలిస్తే ఆకు బాగానే వస్తుంది, పూత అంతంతే. మే-జూలై మధ్య కాలిస్తే ఆ ఏడాదే విరివిగా కంకులు వేస్తుంది.

జవాబు 3:
ఏళ్ల తరబడి నిప్పు పడని అడవైతే మొదటిసారి చాలా జాగ్రత్త. పై సూదులు ఎండి, కింది పొర తడిగా ఉన్న రోజు చూసుకోండి. ఆ పొరను గుప్పెడు తీసి పిండితే తడి చేతికి అంటాలి. పొడిపొడిగా రాలితే ఆ రోజు వద్దు. పెద్ద చెట్ల మొదళ్ల దగ్గర పొరను ముందే పలచన చేయండి. చెట్టు సన్నవేళ్లు అందులోకే ఎక్కి ఉంటాయి. అది రగిలితే బెరడు మీద మచ్చ లేకపోయినా చెట్టు ఏడాది, రెండేళ్లలో ఎండిపోవచ్చు. అలాగని మట్టిదాకా గోకేస్తే ఆ వేళ్లే తెగుతాయి.

పొరంతా ఒక్క మంటతో పోవాలనుకోకండి. లాంగ్‌లీఫ్ అడవుల్లో 2-3 ఏళ్లకోసారి కాలుస్తారు. ఎడం పెరిగితే పొదలు కమ్మేసి గడ్డికి వెలుతురు అందదు.

ప్రశ్న అడిగినవారు:
ఇప్పటికే తెల్లబూడిదైన చోట్ల?

జవాబు 1:
అక్కడ లోపల గింజ పెద్దగా మిగలదు, అంచుల నుంచే మొక్కలు పాకిరావాలి. ముందుగా వచ్చేది తరచూ కలుపే. గింజ కట్టకముందే పీకేయండి.