కొత్త కారులోని సిమ్మును ఉంచుకోవాలా, ఆపించాలా?

కొల్లూరువాసి:
సభ్యులకు నమస్కారం. దసరాకు కొత్త కారు కొన్నాము. బండి అప్పగించే రోజున షోరూము కుర్రవాడు నా ఫోను తీసుకొని అందులో ఒక యాప్ వేసి, 'అంగీకరిస్తున్నాను' అన్నచోటల్లా తానే నొక్కి, మూడేళ్ల వరకు ఇది ఉచితమని చెప్పి తిరిగి ఇచ్చాడు. కారులోపలే ఒక ఈ-సిమ్ ఉంటుందట. బండి ఎక్కడ ఉందో, ఎంత వేగంతో పోతోందో, తలుపులు వేసి ఉన్నాయో లేదో అన్నీ ఫోనులో కనిపిస్తున్నాయి. ఎండలో నిలిపిన బండిలో ఎక్కకముందే ఏసీ వేసుకోవడం సుఖంగానే ఉంది, కాదనను. అయినా నేను వెళ్లిన ప్రతిచోటునూ ఎవరో చిట్టాకు ఎక్కిస్తున్నారన్న అనుమానం పోవడం లేదు. మీరైతే ఏం చేస్తారు?

డాలస్_తెలుగు:
నిస్సందేహంగా ఉంచుకోండి. 2021 ఫిబ్రవరి నుండి ఫాస్టాగ్ తప్పనిసరి అయింది. టోల్ గేటు దాటిన మరుక్షణం ఏ గేటో, ఎంత కోశారో సందేశం వస్తుంది. జేబులోని ఫోను సంగతి చెప్పనే అక్కరలేదు. వీధి తలుపు బార్లా తెరిచిపెట్టి వంటింటి కిటికీకి గడియ వేయడం దేనికి?

లెక్కలమాస్టారు:
ఫాస్టాగ్‌తో పోల్చడం పొరపాటు. దానిలో బ్యాటరీ లేదు, జీపీఎస్ లేదు. గేటు దగ్గరి యంత్రం పలకరిస్తేనే పలుకుతుంది. హైదరాబాదు నుండి విజయవాడకు సుమారు 270 కిలోమీటర్లు, ఆ దారిలో పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు అని మూడే గేట్లు. అంటే బయటికి తెలిసేవి మూడు బిందువులు. నేను నార్కెట్‌పల్లిలో టీ తాగానో, సూర్యాపేటలో ఎవరి గుమ్మం ఎక్కానో ఆ మూడు బిందువులు చెప్పలేవు. కారులోని సిమ్ము గీసేది గీత. బిందువుకూ గీతకూ భేదం తొమ్మిదో తరగతి పిల్లవాడిని అడిగినా చెబుతాడు.

డాలస్_తెలుగు:
రెండు గేట్ల మధ్య పట్టిన సమయాన్ని బట్టి మీరు ఎక్కడో ఆగారని తెలియదా మాస్టారూ?

లెక్కలమాస్టారు:
ఆగానని తెలుస్తుంది, ఎక్కడ ఆగానో తెలియదు. నా వాదం అంతా ఆ 'ఎక్కడ' గురించే. మీరు అమెరికాలో ఉన్నారు కనుక అక్కడి సంగతే చెబుతాను. ఎవరు గట్టిగా బ్రేకు తొక్కారో, ఎవరు అర్ధరాత్రి నడిపారో జనరల్ మోటార్స్ సేకరించి సమాచార వ్యాపార సంస్థలకు ఇచ్చింది; అది బీమా కంపెనీల చేతికి చేరి కొందరికి ప్రీమియం పెరిగింది. 2024లో పత్రికలు దానిని బయటపెట్టాయి. 2025 జనవరిలో అక్కడి వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అటువంటి సమాచారాన్ని ఐదేళ్లపాటు ఆ సంస్థలకు ఇవ్వరాదని ప్రతిపాదించింది. మన ప్రభుత్వమూ తక్కువది కాదు. వాహన రిజిస్ట్రేషన్ల, లైసెన్సుల వివరాలను గుత్తగా ఇచ్చి 65 కోట్ల రూపాయలు రాబట్టినట్లు 2019లో పార్లమెంటులోనే చెప్పారు. ఆ విధానాన్ని 2020లో ఉపసంహరించుకున్నారు, కానీ ఇచ్చిన వివరాలు తిరిగి వస్తాయా?

పాతస్కూటర్:
నా స్కూటరుకు సిమ్ము లేదు. ప్రస్తుతం హారను కూడా లేదు.

షెడ్డుమనిషి:
కార్ల మరమ్మతు నా వృత్తి కనుక ఒక్క మాట. ఫోనులో యాప్ తీసేసినంత మాత్రాన బండిలోని సిమ్ము ఆగదు. సేవను రద్దు చేయమని కంపెనీకి విడిగా చెప్పాలి. అలా చేస్తే ప్రమాదం జరిగినప్పుడు సాయం కోసం బండి నుండి వెళ్లే ఫోను కాల్ కూడా పోవచ్చు, అది ముందే అడిగి తెలుసుకోండి. బండి అమ్మేవారు ఖాతా తొలగించకపోతే కొన్నవాడు ఎక్కడ తిరుగుతున్నాడో పాత యజమానికి కనిపిస్తూనే ఉంటుంది. నా దగ్గరకు వచ్చిన ఒక బండిలో పాతాయన ఫోను పుస్తకం మొత్తం, వియ్యంకుల నంబర్లతో సహా, తెరలో అలాగే ఉంది.

డాలస్_తెలుగు:
అది వాడుకునేవారి అజాగ్రత్త, సాంకేతికత దోషం కాదు. అయినా ఫాస్టాగ్ విషయంలో మాస్టారు నా ప్రశ్నకు ఇంకా జవాబు చెప్పలేదు.

లెక్కలమాస్టారు:
రెండుసార్లు చెప్పాను. మూడోసారి బోర్డు మీద రాయమంటారా?

మందారమాల:
మీ ఇద్దరూ నిన్నటి నుండి గేట్లు లెక్కపెడుతున్నారు. నా ప్రయాణాలు కంపెనీకి తెలిస్తే నాకు పోయేది బీమాలో వందో, వెయ్యో. మా ఇంట్లో కారు నా పేరు మీద ఉంది, వాయిదాలు నా జీతం నుండే కోత పడతాయి, యాప్ మాత్రం మావారి ఫోనులో ఉంది. బెంజి సర్కిల్ దగ్గర నలభై నిమిషాలు బండి ఎందుకు ఆగిందని ఒకరోజు అడిగారు. ట్రాఫిక్ అన్నాను. 'మరి ఇంజను ఆపి ఉందేం?' అన్నారు. ఆ నలభై నిమిషాలూ నేను చేసింది కాలేజీనాటి స్నేహితురాలితో కాఫీ తాగడం. కాఫీ తాగినందుకు అబద్ధం ఆడవలసి వచ్చిందే అని నాకు ఈనాటికీ సిగ్గుగా ఉంది.

డాలస్_తెలుగు:
క్షమించాలి, అది మీ ఇంటి విషయం, దానికి యాప్‌ను నిందించి లాభం లేదు. మా నాన్నగారికి 74 ఏళ్లు. నిరుడు వేసవిలో గుంటూరు నుండి ఒంగోలుకు ఒంటరిగా బయలుదేరారు. చిలకలూరిపేట దాటాక బండి గంటసేపు కదలకపోవడం ఇక్కడి నుండి చూశాను, ఫోను చేస్తే ఎత్తలేదు, పేటలో ఉన్న మా మేనమామగారిని పరుగెత్తించాను. షుగరు పడిపోయి స్టీరింగు మీద తల వాల్చి ఉన్నారట. ఇక బిందువులూ గీతలూ నాకు చెప్పకండి.

మందారమాల:
నాన్నగారు కోలుకున్నందుకు సంతోషం, మనస్ఫూర్తిగానే అంటున్నాను. మీరు చూస్తున్నట్లు ఆయనకు తెలుసా?

డాలస్_తెలుగు:
ఆ కారు కొనిచ్చింది నేను.

మందారమాల:
నేను అడిగినది అది కాదు.

డాలస్_తెలుగు:
తెలియదు. చెబితే ఒప్పుకోరు, అందుకే చెప్పలేదు. నా స్థానంలో మీరున్నా అదే చేస్తారు. తొమ్మిది వేల మైళ్ల దూరంలో కూర్చున్న కొడుకు బాధ ఇక్కడ ఎవరికి తెలుసు?

లెక్కలమాస్టారు:
ఆ తండ్రి బాధ నాకు తెలుసు. నా వయసు 71. మా అబ్బాయి సిడ్నీలో ఉంటాడు, బండి వాడే కొనిచ్చాడు. ఒక ఆదివారం మాటల మధ్యలో, 'ఈ వారం రేపల్లె రెండుసార్లు వెళ్లారేం నాన్నా?' అన్నాడు. ఎంతో ప్రేమగానే అడిగాడు. ముప్పై ఆరేళ్లు పిల్లల హాజరు వేసినవాడిని, ఆ పూట నా హాజరు మరొకరు వేస్తున్నారని తెలిసి అన్నం సహించలేదు. రేపల్లె ఎందుకు వెళ్లానో వాడికి చెప్పలేదు, ఇక్కడా చెప్పను. మీ నాన్నగారు బతికి ఉండటం ముఖ్యమే, ఎవరు కాదన్నారు? ఆయనను అడిగి ఆ యాప్ పెట్టి ఉంటే షుగరు పడిపోయిన రోజున అది పనిచేయకుండా పోయేదా?

డాలస్_తెలుగు:
అడిగితే వద్దనేవారు, ఆ రోజు పోయేవారు. ఇంతకంటే నాకు లెక్క తెలియదు.

జూనియర్_వకీలు:
చట్టం సంగతి కూడా తెలుసుకోండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, కంపెనీలపై ముఖ్యమైన బాధ్యతలు అమలు కావడానికి 18 నెలల గడువు ఇచ్చారు. సమ్మతి లేకుండా మీ సమాచారం వాడుకున్నారని కంపెనీపై ఫిర్యాదు చేయడానికి ఆ చట్టం దారి చూపుతుంది. కానీ ఒక వ్యక్తి తన సొంత, ఇంటి అవసరాలకు వాడుకునే సమాచారానికి అది వర్తించదని మూడో సెక్షనులోనే రాశారు. కొడుకు మీద, భర్త మీద ఆ చట్టం పేరుతో అడగడానికి ఏమీ లేదు.

మందారమాల:
అంటే గడప బయటి దొంగకే చట్టం.

డాలస్_తెలుగు:
నన్ను దొంగ అంటున్నారా?

మందారమాల:
మిమ్మల్ని కాదు. మీకు తగిలితే నేనేం చేయను?

కొల్లూరువాసి:
పెద్దలు శాంతించాలి. ఇదంతా చదివాక యాప్‌లో అన్ని పేజీలూ తిప్పి చూశాను. 'కుటుంబ సభ్యులు' అన్నచోట బెంగళూరులో ఉన్న మా అబ్బాయి నంబరు ఉంది. నేను చేర్చలేదు. డెలివరీ రోజున వాడు నా పక్కనే ఉన్నాడు.

షెడ్డుమనిషి:
ఆ పేరు మీద నొక్కి పట్టుకుంటే తొలగించే వీలు సాధారణంగా ఉంటుంది. ప్రధాన ఖాతా మీ పేరునే ఉందో లేదో ముందు చూడండి.

కొల్లూరువాసి:
చూశాను. ప్రధాన ఖాతా వాడిది. నాదే కుటుంబ సభ్యుల జాబితాలో ఉంది.