పొదిలి ఎర్రచెక్క నేలలో పొగాకు మానేస్తే ఏం వేయాలి?

నా పుట్టిల్లు నెల్లూరు పక్కన ఇందుకూరుపేట. సోమశిల నీళ్లు కాలవకి వచ్చాయంటే నాన్న వరి నారుమడి దున్నేవాడు. పెళ్లయి పొదిలి వైపు వచ్చాక తొమ్మిదేళ్లుగా చూస్తున్నది పొగాకే. ఏడెకరాల ఎర్రచెక్క, పొగాకు ఆకుని వేడితో ఆరబెట్టే బ్యారన్ ఒకటి, కాస్త ఉప్పగా ఉండే బోరు. పోయినేడు నాటిన వారానికే తుఫాను వానకి మొక్కలు కుళ్లిపోతే మళ్లీ నారు కొని నాటాం. బ్యారన్ వెలిగిన రాత్రుళ్లు మా మామయ్యకి నిద్ర ఉండదు. 64 ఏళ్ల మనిషి, వేడి చూసుకుంటూ కట్టెలు ఎగదోస్తూ కూర్చుంటారు. ఆయన్ని అక్కడి నుంచి లేపాలి, నా టెన్షన్ అదే. ముందు రెండెకరాలు మారుద్దామనుకుంటున్నా. శనగా, నిమ్మా?

కొండపి నుంచి: శనగ వద్దమ్మా. మాది నల్లరేగడి. అక్టోబరు, నవంబరు వానల తేమ నేలలో దాగి ఉంటుంది, దానికి మంచు తోడై తడి పెట్టకుండానే శనగ పండుతుంది. ఎర్రచెక్క ఆ తేమ పట్టుకోదు, పూతకొచ్చేసరికి ఎండుతుంది. ఉప్పునీళ్లు పొగాక్కీ చేటే. క్లోరైడు ఎక్కువైతే ఆకు సరిగా కాలదు, వేలంలో ధర పలకదు. ముందు నీళ్లు పరీక్ష చేయించు.

పొదలకూరు నుంచి: మావి నిమ్మతోటలు. నీరు నిలవని నేల కాబట్టి మీ చెక్క సరిపోతుంది. కానీ నిమ్మ ఉప్పుకి ఆగదు. కాపుకి మూడు నాలుగేళ్లు కాచుకోవాలి. ధర ఉండేది ఎండాకాలంలో, బోరు అడుగంటేదీ అప్పుడే. వరసగా రెండేళ్లు వానల్లేక మా నాన్న పెట్టిన చెట్లని మేమే నరికి పొయ్యిలో పెట్టుకున్నాం. ఆ రోజు అమ్మ అన్నం తినలేదు.

కనిగిరి నుంచి: కంది వెయ్యి చెల్లెమ్మా, మధ్యలో సజ్జ. జూలై, ఆగస్టులో నాలుగు చినుకులు పడగానే విత్తితే వేరు లోతుకి పోతుంది, బోరుతో పనిలేదు. వెలిగొండ ప్రాజెక్టు నీళ్లు వచ్చేదాకా మన పడమటి నేలకి వానే దిక్కు. పూత మీద ముసురు పడితే మచ్చల పురుగు వస్తుంది, చేను వదలకూడదు. పొగాకంత డబ్బు మాత్రం రాదు. బ్యారన్ మీద అప్పుంటే ముందు ఆ లెక్క చూసుకో.

అందరికీ దండాలు. అప్పు ఉందన్నా, వచ్చే వేలంతో తీరుతుంది. మామయ్యకి ఇవన్నీ చదివి వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "దిగువ రెండెకరాలు కంది వేసుకో" అన్నారు. కంది సాలుకీ సజ్జ సాలుకీ మధ్య ఎంత ఎడం పెడతారన్నా?