పీలింగ్ సెక్షన్: సూపర్‌వైజర్‌ని అయ్యాను, ఐస్ మాత్రం వేయించలేకపోతున్నాను

భీమవరం దగ్గర రొయ్యల ప్లాంట్‌లో నాలుగు నెలల క్రితం పీలింగ్ (రొయ్యల తల, పొట్టు తీసే పని) సూపర్‌వైజర్‌ని అయ్యాను. ఉదయం 6 నుంచి 2 షిఫ్ట్, 32 మంది ఆడవాళ్ళు. మొన్నటిదాకా వాళ్ళ పక్కనే నిలబడి తలలు తీసినదాన్ని. అందరినీ అక్కా, పిన్నీ అనే పిలుస్తాను.

ఉదయం 11 దాటాక ట్రేల్లో ఐస్ వేయడం మానేస్తున్నారు. కిలోల లెక్కన కూలి, ఐస్ కోసం కదిలితే చెయ్యి ఆగిపోతుంది మరి. సరుకు 4 డిగ్రీల లోపు ఉండాలి. నిన్న 11:40కి థర్మామీటర్ గుచ్చితే 9 చూపించింది.

రెండు రోజుల లీడర్‌షిప్ ట్రైనింగ్‌లో, తప్పు చేసినవాళ్ళతో విడిగా మాట్లాడి, దానివల్ల ఏం నష్టమో చెప్పమన్నారు. చెప్పాను. "అలాగేలే అమ్మాయ్" అన్నారు, మర్నాడు మళ్ళీ అంతే. అందరి ముందు గట్టిగా అంటే రెండు రోజులు నాతో మాటల్లేవు. బోర్డు మీద టెంపరేచర్ రాసిపెడితే వారం పనిచేసింది. ఐస్ వేయడానికి ఒక మనిషిని అడిగితే మేనేజర్ కుదరదన్నారు. ట్రైనింగ్‌లో పని అప్పగించడం గురించి గంటసేపు చెప్పారు కానీ, ఎవరికి అప్పగించాలి?

కిలో కూలి మీద పనిచేసేవాళ్ళతో, అదనపు మనిషి లేకుండా, ఇలాంటి అలవాటును షిఫ్ట్ చివరిదాకా నిలబెట్టినవాళ్ళుంటే చెప్పండి, మీరు ఏం మార్చారు?