ఫర్నేస్ బ్లోయర్ మోటార్ సొంతంగా మార్చుకోవచ్చా? (నోవై, మిషిగన్)

కొత్త నోవై:
అందరికీ నమస్కారం. ఈ మధ్యే డాలస్ నుంచి మారి ఇక్కడ పాత ఇల్లు కొనుక్కున్నాం. నిన్న రాత్రి నుంచి, ఇల్లు వెచ్చబెట్టే గ్యాస్ ఫర్నేస్‌లో మంట వెలుగుతోంది గానీ గాలి రావడం లేదు. బేస్‌మెంట్‌లోకి వెళ్తే మోటార్ గుంయ్‌మని మూలుగుతోంది. కాసేపటికి మంట ఆరిపోతుంది, మళ్లీ వెలుగుతుంది, మళ్లీ అదే వరస. వచ్చిన టెక్నీషియన్, వేడిగాలిని గదుల్లోకి తోసే బ్లోయర్ మోటార్ పోయిందని చెప్పి, మార్చడానికి 1,150 డాలర్లు అడిగాడు. అలాంటి మోటారే ఆన్‌లైన్‌లో 160కి కనిపిస్తోంది. ఫర్నేస్ 2004 నాటిది. స్క్రూడ్రైవర్ పట్టడం వచ్చు, అంతకు మించి అనుభవం లేదు. ఎవరైనా సొంతంగా మార్చారా? ఇంట్లో చిన్న పాప ఉంది, కొంచెం టెన్షన్‌గా ఉంది.

కాంటన్ బాబాయ్:
బాబూ, ఒక్కటే చెప్తాను, ఏం జరిగినా అంతా రాతపూర్వకంగా ఉంచుకో. మేం వచ్చిన కొత్తలో టౌన్‌హౌస్‌లో అద్దెకుండేవాళ్లం. సరిగ్గా సంక్రాంతి వారంలో, శుక్రవారం సాయంత్రం హీట్ పోయింది. లీజింగ్ ఆఫీసుకి ఫోన్ చేస్తే ఎమర్జెన్సీ నంబర్ ఇచ్చారు. ఆ నంబర్‌లో ఒకావిడ వివరాలన్నీ రాసుకుని సోమవారం వస్తారంది. గొడవ పెట్టుకుంటే రెండు స్పేస్ హీటర్లు తెచ్చి గుమ్మంలో పడేసి వెళ్లారు. రెండూ 1500 వాట్లవి. రెండూ ఒకే సర్క్యూట్‌లో పెడితే బ్రేకర్ పడిపోతుంది, ఒకటే పెడితే హాల్లో చలి. ఊరి నుంచి వచ్చిన మా అమ్మ మూడు స్వెటర్లు వేసుకుని కూర్చుంది. అది చాలదన్నట్టు, ఇల్లు ఖాళీ చేశాక హీటర్ వల్ల కార్పెట్ కాలిందని డిపాజిట్‌లో కోత పెట్టారు! వాళ్లిచ్చిన హీటరే! ఇక్కడ రూల్ ఏమిటంటే, ఖాళీ చేసిన 4 రోజుల్లోపు నీ కొత్త అడ్రస్ రాసి ఇవ్వాలి. వాళ్లు 30 రోజుల్లో డ్యామేజీల జాబితా పంపాలి. అది అందిన 7 రోజుల్లో నువ్వు ఒక్కో ఐటమ్‌కీ జవాబు పోస్టులో పంపాలి. నేను ఆరో రోజున పంపాను, ఫొటోలతో సహా. చచ్చినట్టు డబ్బు వెనక్కి ఇచ్చారు. డిపాజిట్ కూడా నెలన్నర అద్దెకు మించి తీసుకోకూడదు, గుర్తుంచుకో.

ట్రాయ్ అక్క:
బాబాయ్ గారూ, ఆయనది సొంతిల్లండీ. డిపాజిట్ ఎవరిస్తారు ఆయనకి?

కాంటన్ బాబాయ్:
రేపు ఆ ఇల్లే అద్దెకిస్తే పనికొస్తుందమ్మా.

ట్రాయ్ అక్క:
తమ్ముడూ, ముందు థర్మోస్టాట్‌లో హీట్ ఆఫ్ చెయ్యి. గాలి లేకుండా మంట వెలిగితే లోపల హీట్ ఎక్స్‌ఛేంజర్ (మంట వేడిని గాలికి అందించే లోహపు భాగం) కాలిపోయేంత వేడెక్కుతుంది. వేడి మితిమీరితే ఆపే లిమిట్ స్విచ్ ఉంది కాబట్టి ప్రతిసారీ మంట ఆపేస్తోంది. రాత్రంతా దాని మీదే ఆధారపడకు. స్పేస్ హీటర్ నేరుగా గోడ ప్లగ్‌లో పెట్టు, ఎక్స్‌టెన్షన్ బాక్స్‌లో వద్దు. బయటి గోడను ఆనుకున్న సింకుల కింద తలుపులు తెరిచి, కుళాయిలు సన్నధారగా వదులు, లేకపోతే పైపులు గడ్డకడతాయి. గ్యాస్ ఓవెన్ తలుపు తెరిచి ఇల్లు వెచ్చబెట్టుకుందామని మాత్రం అనుకోకు. మంట వల్ల పుట్టే విషవాయువును పసిగట్టే కార్బన్ మోనాక్సైడ్ అలారం పనిచేస్తోందో లేదో ఇప్పుడే నొక్కి చూడు.

ఫార్మింగ్టన్ పాతకాపు:
మూలుగుతోంది, తిరగడం లేదు అంటే సగం సార్లు పోయేది మోటార్ కాదు, పక్కనున్న కెపాసిటర్ (మోటార్ తిరగడానికి ఊతమిచ్చే చిన్న డబ్బా). పది, ఇరవై డాలర్ల వస్తువు. టెక్నీషియన్ మీటర్ పెట్టి చూశాడా? చూసి ఉండడు.

ఫర్నేస్ పక్కన స్విచ్ ఆపు, ప్యానెల్‌లో బ్రేకర్ కూడా ఆపు. కింది తలుపు తీస్తే బ్లోయర్ చక్రం కనిపిస్తుంది. చేత్తో తిప్పి చూడు. తేలిగ్గా తిరిగి కాసేపటికి ఆగితే కెపాసిటర్ మీద అనుమానం. బిగుసుకుపోయి ఉన్నా, గరగరమన్నా బేరింగ్ అయిపోయినట్టే, అప్పుడు మోటార్ మార్చాల్సిందే. కెపాసిటర్ తీసే ముందు పిడి ప్లాస్టిక్‌తో ఉన్న స్క్రూడ్రైవర్‌తో దాని రెండు కొసలూ కలిపి ఛార్జ్ వదిలించు. మైక్రోఫారడ్ (కెపాసిటర్ సామర్థ్యం) కొలిచే మల్టీమీటర్ ఉంటే చూడు. మీద 7.5 అని ఉండి మీటర్‌లో 5 వస్తే చెత్తబుట్టలో వెయ్యి. కొత్తది అదే మైక్రోఫారడ్ ఉండాలి. వోల్టులు 370 బదులు 440 ఉన్నా ఫరవాలేదు, తక్కువ ఉండకూడదు.

ఆన్ ఆర్బర్ ఇంజినీర్:
అన్నా, అది కెపాసిటర్‌తో నడిచే పాతరకం పీఎస్‌సీ మోటార్ అయితేనే కదా. కొత్తరకం ఈసీఎం మోటార్ అయితే విడి కెపాసిటరే ఉండదు. తోక భాగంలో ఎలక్ట్రానిక్ మాడ్యూల్ ఉంటుంది. చాలా మోడళ్లలో దానిలోని ప్రోగ్రామ్ ఆ ఫర్నేస్ మోడల్ కోసమే రాసి ఉంటుంది, బయట కొన్న మోటార్ పెడితే తిరగదు. కరెంటు ఆపాక కూడా అయిదు నిమిషాలు ఆగి ముట్టుకోవాలి.

ఫార్మింగ్టన్ పాతకాపు:
2004 ఫర్నేస్ అన్నాడు కదా తమ్మీ. ఈసీఎం దాదాపు తప్పనిసరి అయింది 2019 జూలై 3 తర్వాత తయారైన వాటికి.

ఆన్ ఆర్బర్ ఇంజినీర్:
ఖరీదైన మోడళ్లలో అంతకు చాలా ముందు నుంచీ ఉన్నాయి. మోటార్ లేబుల్ ఫొటో పెట్టమనండి, తేలిపోతుంది. అసలు నన్నడిగితే 20 ఏళ్లు దాటిన ఫర్నేస్ మీద 160 కూడా దండగ. కొత్తది పెట్టించుకోండి.

ట్రాయ్ అక్క:
ఇప్పుడే ఇల్లు కొన్నవాడికి కొత్త ఫర్నేస్ సలహా! జీతం మీరిస్తారా?

నార్త్‌విల్:
పర్మిట్ సంగతి ఎవరూ చెప్పలేదు. మిషిగన్‌లో ఫర్నేస్ మీద చెయ్యి వేయాలంటే మెకానికల్ పర్మిట్ ఉండాలి, లేకపోతే ఇల్లు అమ్మేటప్పుడు పట్టుకుంటారు.

ఫార్మింగ్టన్ పాతకాపు:
మొత్తం ఫర్నేస్ మారిస్తే పర్మిట్ కావాలి, నిజమే. చిన్న భాగం మార్చడానికి మెకానికల్ కోడ్‌లోనే మినహాయింపు ఉంది. కొత్త ఫర్నేస్‌కి కూడా, తను ఉండే సొంతింటికి ఇంటివాడే పర్మిట్ తీసుకోవచ్చు. గ్యాస్ వాల్వ్, గ్యాస్ పైపుల జోలికి మాత్రం వెళ్లకు. బ్లోయర్ గదిలో గ్యాస్‌తో పని లేదు.

కాంటన్ బాబాయ్:
ఈ చలి ఏపాటిది? 2019 జనవరి 30న మకోంబ్ కౌంటీలో గ్యాస్ కంప్రెసర్ స్టేషన్ తగలబడితే, థర్మోస్టాట్లు 65 ఫారెన్‌హీట్‌కి తగ్గించుకోండని అందరి ఫోన్లకీ అలర్ట్ వచ్చింది. బయట సున్నా కింద ఉంది ఆ రాత్రి. ఫర్నేస్ బాగానే ఉన్నా ఇంట్లో టోపీలు పెట్టుకుని కూర్చున్నాం.

కొత్త నోవై:
అందరికీ థాంక్స్. చక్రం చేత్తో తిప్పితే చాలా బిగువుగా తిరుగుతోంది, గరగర శబ్దం కూడా ఉంది. కెపాసిటర్ మీటర్‌లో 7.4 చూపిస్తోంది. లేబుల్ మీద 115 వోల్టులు, 1/2 హెచ్‌పీ, 1075 ఆర్‌పీఎం అని ఉంది. నాలుగు స్పీడ్ల వైర్లు ఉన్నాయి.

ఫార్మింగ్టన్ పాతకాపు:
పీఎస్‌సీయే, బేరింగ్ పోయింది. టెక్నీషియన్ చెప్పింది నిజమే, ధరే మరీ ఎక్కువ. కొనేది కూడా అదే హెచ్‌పీ, అదే ఆర్‌పీఎం, అదే వోల్టులు ఉండాలి. మోటార్ వ్యాసం, షాఫ్ట్ లావు, పొడవు టేప్‌తో కొలుచుకో. ఆంప్స్ కూడా పాతదానికి దగ్గరగా ఉండాలి. కొత్త మోటార్ వేరే మైక్రోఫారడ్ అడిగితే కెపాసిటర్ కూడా అదే కొను. పాతది పెట్టి సరిపెట్టకు.

విప్పే ముందు బోర్డు దగ్గర ఏ రంగు వైరు ఎక్కడుందో ఫొటోలు తీసుకో. కూల్, హీట్, పార్క్ (వాడని వైర్లు గుచ్చే చోటు) అని రాసి ఉంటాయి. బ్లోయర్ డబ్బా మొత్తం రెండు మూడు బోల్టుల మీద పట్టాల్లోంచి బయటికి జారుతుంది. అసలు కుస్తీ అంతా చక్రాన్ని షాఫ్ట్ నుంచి లాగడంలోనే. సెట్ స్క్రూ వదులు చేసి, షాఫ్ట్ కొసన తుప్పును గరుకు కాగితంతో రుద్ది, తుప్పు వదిలించే నూనె కొట్టి గంటసేపు వదిలెయ్యి. సుత్తితో బాదావంటే చక్రం వంకరపోతుంది, ఆ తర్వాత ఇల్లంతా వణుకుతుంది. చక్రం తీసినప్పుడే రెక్కల్లోని మట్టి కడిగెయ్యి.

ట్రాయ్ అక్క:
మట్టి అంటే మన ఇళ్లలో మట్టి కాదు, తిరగమోత జిడ్డు. వెంట్ బయటికి లేని కిచెన్ అయితే ఫర్నేస్ ఫిల్టర్ నెలకోసారి చూడాల్సిందే.

కొత్త నోవై:
కొత్త మోటార్ బిగించాను, వేడిగాలి వస్తోంది! కానీ గాలి మునుపటికంటే బలహీనంగా ఉందని మా ఆవిడ అంటోంది. వాడని రెండు వైర్లు కలిపి టేప్ చుట్టాను.

ఫార్మింగ్టన్ పాతకాపు:
వెంటనే కరెంటు ఆపు. వాడని స్పీడ్ వైర్లు ఎప్పుడూ ఒకదానితో ఒకటి కలపకూడదు, కలిస్తే మోటార్ కాలిపోతుంది. దేనికదే విడిగా క్యాప్ పెట్టు, లేదా బోర్డులో పార్క్ దగ్గర గుచ్చు. గాలి తక్కువంటే చక్రం ఎదురు తిరుగుతోందేమో చూడు. ఎదురు తిరిగినా ఈ చక్రాలు కొంత గాలి ఇస్తాయి, అందుకే చాలామంది మోసపోతారు. మోటార్ మీది బొమ్మలో దిశ మార్చే రెండు వైర్లు చూపిస్తారు, వాటిని అటూ ఇటూ మార్చు. స్పీడ్ రంగులు కూడా కొత్త మోటార్ బొమ్మ ప్రకారమే చూడు, పాత రంగులను నమ్మకు. అయ్యాక ఫర్నేస్‌లోకి వెళ్లే రిటర్న్ గాలికీ, వేడెక్కి బయటికి వచ్చే గాలికీ వేడి తేడా కొలువు. ఫర్నేస్ లేబుల్ మీద 35 నుంచి 65 డిగ్రీలు అనో మరోటో రాసి ఉంటుంది, ఆ మధ్యలో ఉండాలి. వైరు చుట్టూ పట్టే క్లాంప్ మీటర్‌తో ఆంప్స్ కూడా చూడు, మోటార్ లేబుల్ అంకె దాటకూడదు. ఆ మీటర్ లేకపోతే నా దగ్గరుంది, సాయంత్రం వచ్చి పట్టుకెళ్లు.

కొత్త నోవై:
ఎదురే తిరిగిందన్నా. వైర్లు మార్చాను, గాలి మామూలుగా వస్తోంది. వాడని వైర్లకి దేనికదే క్యాప్ పెట్టాను. ఆరింటికి వస్తాను మీటర్ కోసం.

నార్త్‌విల్:
మీ పని అయ్యాక ఆ మీటర్ నాకు ఇప్పిస్తారా? మా ఇంట్లో ఫర్నేస్ పొగను బయటికి తోసే ఇన్‌డ్యూసర్ మోటార్ వారం నుంచి అరుస్తోంది.

కాంటన్ బాబాయ్:
పర్మిట్ తీసుకున్నారా మరి?