జర్మనీ 1968 విద్యార్థి ఉద్యమం: ఆ తరం ఇంట్లో తండ్రిని అడిగిందా?

హాంబర్గ్ నివాసి:
నేను పనిచేసే విశ్వవిద్యాలయంలో 1967 నవంబర్ 9న కొత్త రెక్టార్ (విశ్వవిద్యాలయ అధిపతి) పదవీ స్వీకారం జరిగింది. ఆచార్యులు నల్ల గౌన్లు వేసుకుని వరుసగా సభామందిరంలోకి వస్తుంటే ఇద్దరు విద్యార్థులు వాళ్ల ముందు బ్యానర్ విప్పారు: 'గౌన్ల కింద వెయ్యేళ్ల ముక్కిపోయిన కంపు'. వెయ్యేళ్ల సామ్రాజ్యమని హిట్లర్ చెప్పుకున్నదానికి తగిలించిన మాట అది. ఒకప్పుడు నాజీ పార్టీ సభ్యుడైన ఆచార్యుడు బెర్టోల్డ్ ష్పూలర్ వాళ్లను చూసి 'మీరందరూ నిర్బంధ శిబిరంలో ఉండాల్సినవాళ్లు' అని అరిచాడు. యుద్ధం ముగిసి అప్పటికి 22 ఏళ్లు!

'నాన్నా, నువ్వు అప్పుడేం చేశావు?' అని అడిగిన తరంగా వీళ్లకు పేరుంది. ఇక్కడ ఉంటున్న మన తెలుగువాళ్లలో ఆ వయసు పెద్దలతో దీని గురించి మాట్లాడినవారు ఉంటే చెప్పండి. నిజంగా అలా అడిగారా?

ఫ్రాంక్‌ఫర్ట్ నర్సు:
వృద్ధాశ్రమంలో పనిచేస్తున్నాను. నేను చూసుకునే ఒక పెద్దావిడ విశ్రాంత ఉపాధ్యాయురాలు. అత్యవసర పరిస్థితి చట్టాలకు వ్యతిరేకంగా 1968 మే 11న అప్పటి పశ్చిమ జర్మనీ రాజధాని బాన్‌లో జరిగిన మహా ప్రదర్శనకు వెళ్లారు. ఆ రోజు సంగతులు ఎన్నిసార్లు చెప్పినా కళ్లు మెరుస్తాయి. తండ్రి గురించి అడిగినప్పుడు మాత్రం, 'ప్రభుత్వాధినేత ఛాన్సలర్‌ను దిగిపొమ్మని వీధిలో అరిచాను. ఇంటికి వచ్చి సూప్ తాగుతూ నాన్నను ఒక్క మాట అడగలేకపోయాను. అమ్మ ముఖం చూస్తే నోరు పెగిలేది కాదు' అన్నారు.

వాళ్ల ఆల్బమ్ నాకు చూపించారు. యూనిఫాంలో ఉన్న తండ్రి ఫొటో ఒకటుంది. కాలర్ మీద, కుడి జేబు పైన గుర్తులు ఉండే చోట బ్లేడుతో గీకేసి ఉంది, కాగితం తెల్లగా పైకి లేచింది. ఎవరు గీకారో ఆమెకు తెలియదు. చిన్నప్పటి నుంచీ ఆ ఫొటో అలాగే ఉందట.

చరిత్ర పరిశోధకుడు:
నర్సు గారు చెప్పినది నా చదువుకూ సరిపోతోంది. ఆ తరం నిలదీసింది, కానీ ఎక్కువగా పదవుల్లో ఉన్నవాళ్లను. అందుకు వాళ్ల దగ్గర కాగితాలు ఉండేవి. 1959లో రైన్‌హార్ట్ ష్ట్రెకర్ అనే విద్యార్థి, మిత్రులతో కలిసి, హిట్లర్ కాలంలో మరణశిక్షలు వేసి ఇంకా కుర్చీల్లోనే ఉన్న న్యాయమూర్తుల ఫైళ్ల నకళ్లతో ప్రదర్శన పెట్టాడు. అదీ ఎక్కడ? దేశపు అత్యున్నత న్యాయస్థానాలు ఉన్న కార్ల్స్‌రూహలో! నాజీల జాతి చట్టాలకు వ్యాఖ్యానం రాసినవారిలో ఒకడైన హాన్స్ గ్లోబ్కె 1963 దాకా ఛాన్సలర్ అడెనావర్ కార్యాలయాన్ని నడిపాడు. ఆ ఏడాది డిసెంబర్‌లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఆష్విట్జ్ నిర్బంధ శిబిరంలో పనిచేసినవాళ్ల మీద విచారణ మొదలైంది, ప్రాసిక్యూటర్ ఫ్రిట్జ్ బావర్ పట్టుదల వల్ల. నిందితుల్లో వ్యాపారులు, ఉద్యోగులు, దంత వైద్యులు కూడా ఉన్నారు. ఊళ్లో పరువుగా బతుకుతున్నవాళ్లు వాళ్లంతా. విద్యార్థులను కలచివేసింది ఇదేనని నా అభిప్రాయం.

1966లో ఛాన్సలర్ అయిన కీసింగర్ కూడా 1933 నుంచి నాజీ పార్టీ సభ్యుడే. రెండు పెద్ద పార్టీలూ కలిసి ప్రభుత్వం పెట్టడంతో పార్లమెంటులో గట్టి ప్రతిపక్షమే లేకుండా పోయింది. ప్రతిపక్షం మేమే అని విద్యార్థులు బయట నిలబడ్డారు. 1968 నవంబర్ 7న నాజీ వ్యతిరేక కార్యకర్త బెయాటె క్లార్స్‌ఫెల్డ్ ఆయన పార్టీ మహాసభలోనే వేదికెక్కి చెంప పగలగొట్టింది.

బెర్లిన్ నివాసి:
అవతలి వైపు మాట కూడా వినాలి. మా పక్కింటి పెద్దాయన అప్పుడు యువ కార్మికుడు, విద్యార్థులంటే ఇప్పటికీ మండిపడతారు. 1948-49లో సోవియట్‌లు నగరాన్ని దిగ్బంధించినప్పుడు అమెరికా విమానాలు తెచ్చిన పిండితో, బొగ్గుతో ఆయన కుటుంబం బతికింది. వియత్నాం యుద్ధం గురించి కుర్రాళ్లు అమెరికాను తిడుతుంటే ఆయనకు అది కృతఘ్నతగా తోచింది. 'అంత ఇష్టమైతే గోడ అవతలికి పొండి' అని తానూ అరిచానని దాచకుండా చెప్పారు. విద్యార్థులను వ్యతిరేకించే ష్ప్రింగర్ సంస్థ పత్రికలు రోజూ ఆ మంటకు నెయ్యి పోసేవి.

నేను మాత్రం విద్యార్థుల పక్షమే. 1967 జూన్ 2న ఇరాన్ షా రాకకు నిరసనగా ఒపెరా భవనం దగ్గర గుమిగూడినవాళ్లలో 26 ఏళ్ల బెన్నో ఓనెసోర్గ్‌ను పోలీసు కార్ల్-హైన్జ్ కుర్రాస్ కాల్చి చంపాడు. ఓనెసోర్గ్ భార్య అప్పుడు గర్భవతి. కోర్టు కుర్రాస్‌ను వదిలేసింది. అతడు తూర్పు జర్మనీ గూఢచారి సంస్థ ష్టాసీకి పనిచేసేవాడని 2009లో బయటపడింది. 1968 ఏప్రిల్ 11న విద్యార్థి నాయకుడు రూడి డుచ్‌కె మీద కాల్పులు జరిగాయి. 'పొండి' అన్న మాట అందరికంటే ఎక్కువగా పడిన డుచ్‌కె పుట్టి పెరిగింది తూర్పులోనే. అక్కడి సైన్యంలో చేరనన్నందుకు చదువు దారులు మూసేస్తే ఇటు వచ్చాడు. ఆ గాయాల ఫలితంగానే 1979లో చనిపోయాడు.

లైప్‌జిగ్ విద్యార్థిని:
1968 అనగానే అందరూ పశ్చిమ జర్మనీతోనే ఆపేస్తారు, నాకు బాధగా ఉంటుంది. అత్యవసర చట్టాలను బాన్ పార్లమెంటు ఆమోదించిన మే 30నే ఇక్కడ మా విశ్వవిద్యాలయ చర్చిని ప్రభుత్వం పేల్చేసింది. యుద్ధంలో బాంబులను తట్టుకుని నిలిచిన కట్టడం అది. మూడు వారాల తర్వాత, జూన్ 20న, బాఖ్ సంగీత పోటీల ముగింపు సభలో వేదిక మీద అలారం గడియారంతో కట్టిన యంత్రం దానంతటదే ఒక బ్యానర్‌ను విప్పింది: చర్చి బొమ్మ, కింద 'పునర్నిర్మాణం కోరుతున్నాం'. చేసినవాళ్లలో భౌతికశాస్త్ర విద్యార్థి హరాల్డ్ ఫ్రిచ్ ఒకడు. తర్వాత మిత్రుడితో కలిసి బల్గేరియా నుంచి చిన్న మడత పడవలో నల్ల సముద్రం మీదుగా టర్కీకి పారిపోయాడు. క్వార్క్‌లనే అతి సూక్ష్మ కణాల సిద్ధాంతం చదివినవారికి ఆ పేరు తెలుసు.

తండ్రుల ప్రశ్న ఇక్కడ ఇంకో రకంగా అణిగిపోయింది. నాజీలంతా పశ్చిమంలోనే ఉన్నారని రాజ్యమే ప్రకటించాక ఇంట్లో ఎవరిని అడుగుతారు? మా ఇంటి యజమానురాలు సరిగ్గా ఈ మాటే అన్నారు.

బెర్లిన్ తల్లి:
ఆడవాళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. 1968 సెప్టెంబర్‌లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో విద్యార్థి సంఘం సభలో హెల్కె జాండర్ లేచి, ఇంటిపనీ పిల్లల పెంపకమూ రాజకీయమేనని చెబితే నాయకులు చర్చకే తీసుకోలేదు. సీగ్రిడ్ రూగర్ వాళ్ల మీదికి టమాటాలు విసిరింది. తండ్రుల పెత్తనాన్ని తిట్టిన ఆ కుర్రాళ్లు సహచరుల ముందు అదే పెత్తనం చేశారు. అప్పుడు తల్లులు ఖాళీ దుకాణాల్లో మొదలుపెట్టిన పిల్లల బడులు ఇంకా ఉన్నాయి. మా అబ్బాయి అలాంటి దానికే వెళ్తున్నాడు, వంట వంతులవారీగా తల్లిదండ్రులమే చేస్తాం.

హాంబర్గ్ నివాసి:
నర్సు గారూ, ఆ ఉపాధ్యాయురాలు చివరికి తెలుసుకున్నారా?

ఫ్రాంక్‌ఫర్ట్ నర్సు:
తెలుసుకున్నారండి, తండ్రి పోయాక చాలా ఏళ్లకు. ఫెడరల్ ఆర్కైవ్‌కు రాస్తే పార్టీ సభ్యత్వ కార్డు నకలు వచ్చింది. చేరిన తేదీ 1933 మే 1. బలవంతం మీద చేరానని ఇంట్లో చెప్పేవారట. 'ఈ కాగితం 20 ఏళ్ల వయసులో నా చేతిలో ఉండి ఉంటే అడిగేదాన్నా అంటే, ఇప్పటికీ చెప్పలేను' అన్నారు.

లైప్‌జిగ్ విద్యార్థిని:
మా ఇంటి యజమానురాలి మనవరాలు వాళ్ల ముత్తాత గురించి అడగాలనుకుంటోంది. ఎవరైనా రాయవచ్చా?

చరిత్ర పరిశోధకుడు:
రాయవచ్చు. ఆ వ్యక్తి చనిపోయి 10 ఏళ్లు దాటితే, చనిపోయిన తేదీ తెలియకపోతే పుట్టి 100 ఏళ్లు దాటితే, మామూలుగా ఇబ్బంది ఉండదు. పూర్తి పేరు, పుట్టిన తేదీ, పుట్టిన ఊరు రాయమనండి. సభ్యత్వ కార్డులు బెర్లిన్‌లోని లిష్టర్‌ఫెల్డె శాఖలో ఉంటాయి. అన్ని కార్డులూ మిగలలేదు కాబట్టి, కార్డు దొరకలేదన్న జవాబు వస్తే ఆయన పార్టీలో లేడని అర్థం చేసుకోవద్దని కూడా చెప్పండి.