అప్‌డేట్లు ఆపేయాలా, వేస్తూ పోవాలా? మిర్చి కమిషన్ షాపు, ఆరు కంప్యూటర్లు

యార్డ్_లెక్కలు (గుంటూరు):

నమస్కారమండీ. మిర్చి యార్డు దగ్గర కమిషన్ షాపు. ఆరు కంప్యూటర్లు, అన్నీ ఒకే లాన్ (షాపు లోపలి నెట్‌వర్క్) మీద. ఒకదాంట్లో ట్యాలీ డేటా ఉంటుంది, మిగతా ఐదూ దాన్ని చూసే పనిచేస్తాయి. బిల్లుల ప్రింటరు కూడా దానికే యూఎస్‌బీ వైరుతో తగిలించి అందరికీ షేర్ చేశాం. నాలుగింట్లో విండోస్ 11 ప్రో. రెండింట్లో ఇంకా విండోస్ 10. అవి ఏడో తరం ఐ5లు, 11 ఎక్కదంటోంది.

2024 జులైలో ఒక్క అప్‌డేట్‌తో ప్రపంచమంతా నీలం తెరలు వచ్చి విమానాలు ఆగిపోయిన సంగతి గుర్తుచేసి, మన షాపులో అప్‌డేట్లన్నీ ఆపేద్దామని ఇక్కడ ఒక వాదన. నడుస్తున్నదాన్ని ఎందుకు కెలకాలి అని. ఇంకోపక్క 1977లో పంపిన వాయేజర్ అంతరిక్ష నౌకకి నాసా వాళ్లు ఇప్పటికీ ఇక్కణ్ణుంచే సాఫ్ట్‌వేర్ మారుస్తున్నారు. అంత దూరాన ఉన్నదాన్నే మార్చగలుగుతుంటే పక్క బల్ల మీదున్నదానికి మనకింత భయం ఎందుకు? వాళ్లు ఏం జాగ్రత్త తీసుకుంటారు, అందులో మనకు పనికొచ్చేది ఏముంది? సీజన్లో ఒక్క పూట బిల్లింగ్ ఆగినా రైతులు సరుకుతో నిలబడిపోతారు. ఏ వరసలో ఏం చేయాలో వివరంగా చెప్పండి.

పటమట_సిస్టమ్స్ (విజయవాడ):

ముందు ఒక పొరపాటు సరిదిద్దాలండీ. 2024 జులై 19న పడింది విండోస్ అప్‌డేట్ కాదు. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్‌కి వచ్చిన ఒక చిన్న డేటా ఫైలు. మన టైము ప్రకారం ఉదయం 9:39కి వదిలారు, 10:57కి వెనక్కి తీసుకున్నారు. గంటన్నర కూడా కాలేదు, ఆలోపే దాదాపు 85 లక్షల కంప్యూటర్లు పడిపోయాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో చేత్తో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫొటో అందరూ చూసే ఉంటారు.

కారణం వింటే చాలా చిన్నది. ఆ ఫైలు 21 గడుల సమాచారం అడిగింది, దాన్ని చదివే ప్రోగ్రాం ఇచ్చింది 20. లేని ఇరవై ఒకటో గడి కోసం వెళ్లి తనది కాని మెమరీలో చెయ్యి పెట్టింది. మామూలు ప్రోగ్రాం అయితే అదొక్కటే మూతపడేది. ఇది కెర్నల్‌లో, అంటే విండోస్ గుండెకాయలో నడిచే డ్రైవర్ కాబట్టి మొత్తం సిస్టమే పడింది. పైగా ఆన్ చేయగానే మొదటే లోడవుతుంది కనుక ఎన్నిసార్లు రీస్టార్ట్ చేసినా అదే నీలం తెర. ఒక్కో కంప్యూటర్ దగ్గరికీ మనిషి వెళ్లి, సేఫ్ మోడ్‌లో తెరిచి, సి-00000291తో పేరు మొదలయ్యే ఆ ఫైలును చేత్తో తీసేయాల్సి వచ్చింది. డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ ఉన్నవాటికి ముందు 48 అంకెల రికవరీ కీ కొట్టాలి. ఆ కీలు దాచిన సర్వర్ కూడా పడిపోయిన చోట్ల పని ఇంకా ఆలస్యమైంది.

కాబట్టి దీన్నుంచి అప్‌డేట్లు ఆపేయాలన్న అర్థం తీయొద్దు. అన్నింటికీ ఒకేసారి పంపడం ఒక తప్పు. పడితే లేపే దారి ముందే సిద్ధంగా లేకపోవడం రెండోది.

ఆపేస్తే ఏమవుతుందో చూడాలంటే 2017 మే 12 చాలు. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వానాక్రై అనే రాన్సమ్‌వేర్ దూరిన భద్రతా రంధ్రానికి మైక్రోసాఫ్ట్ మార్చి 14నే ప్యాచ్ ఇచ్చింది. రెండు నెలల టైముంది. వేసుకోనివాళ్లు దెబ్బతిన్నారు, మన రాష్ట్రంలో పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా అందులో ఉన్నాయి. అది పాకింది ఫైల్ షేరింగ్ దారిలోనే. మీ ఐదు కంప్యూటర్లు ట్యాలీ డేటా కోసం వాడుతున్నదీ అదే దారి.

మీ షాపుకి వరస ఇలా పెట్టుకోండి. మైక్రోసాఫ్ట్ నెలవారీ అప్‌డేట్లు రెండో మంగళవారం వస్తాయి, మనకు అప్పటికి రాత్రి పదిన్నరో పదకొండున్నరో. అంటే బుధవారం పొద్దున షాపు తెరిచేసరికి తయారుగా ఉంటాయి. విండోస్ 11 వాటిలో డేటా లేనిది ఒకటి 'పరీక్ష' కంప్యూటర్ అనుకోండి, దాన్ని అలాగే వదిలేయండి. మిగతా రెండింటికి 7 రోజులు, డేటా ఉన్నదానికి 14 రోజులు వాయిదా. ప్రో కాబట్టి ఇది ఒక్కసారి పెడితే చాలు: రన్‌లో జీపీఎడిట్ డాట్ ఎంఎస్‌సీ కొట్టి, కంప్యూటర్ కాన్ఫిగరేషన్, అడ్మినిస్ట్రేటివ్ టెంప్లేట్స్, విండోస్ కాంపొనెంట్స్, విండోస్ అప్‌డేట్, మేనేజ్ అప్‌డేట్స్ ఆఫర్డ్ ఫ్రమ్ విండోస్ అప్‌డేట్‌లోకి వెళ్లండి. అక్కడ 'సెలక్ట్ వెన్ క్వాలిటీ అప్‌డేట్స్ ఆర్ రిసీవ్డ్' ఎనేబుల్ చేసి రోజులు వేయాలి, 30 దాకా ఇస్తుంది. పాజ్ బటన్ మీద ఆధారపడొద్దు. దానికి గడువు అయిదు వారాలే, అయిపోగానే వాయిదా వేసినవన్నీ కలిపి ఒక్కసారే దిగుతాయి.

పరీక్ష కంప్యూటర్లో అప్‌డేట్ పడ్డాక చూడాల్సింది మూడే. ట్యాలీలో నిన్నటి డేబుక్ తెరుచుకుంటోందా, ఒక బిల్లు ప్రింటవుతోందా, ఈ-వే బిల్లు సైట్ లాగిన్ అవుతోందా. పాడైతే సెట్టింగ్స్, విండోస్ అప్‌డేట్, అప్‌డేట్ హిస్టరీ, అన్‌ఇన్‌స్టాల్. విండోసే తెరుచుకోకపోతే రెండుమూడు సార్లు మధ్యలో ఆగాక రికవరీ తెర దానంతటదే వస్తుంది. అక్కడ ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్.

ఈ దారి పనిచేయాలంటే బిట్‌లాకర్ కీ చేతిలో ఉండాలి. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సెటప్ చేసిన కొత్త విండోస్ 11లలో డిస్క్ ఎన్‌క్రిప్షన్ అడక్కుండానే ఆన్ అవుతుంది, చాలామందికి ఆ సంగతే తెలియదు. ఈరోజే నాలుగింటి కీలూ కాగితం మీదకి ఎక్కించి, ఏది ఏ కంప్యూటర్‌దో రాసి, క్యాష్ పెట్టెలో పెట్టండి.

ఏడాదికోసారి వచ్చే పెద్ద వెర్షన్ మార్పు మాత్రం సీజన్లో ముట్టుకోవద్దు. యార్డుకి వేసవి సెలవులు ఇచ్చినప్పుడు చేసుకోండి. నచ్చకపోతే పాత వెర్షన్‌కి తిరిగెళ్లడానికి పది రోజులే గడువు, సెలవుల మొదటి వారంలోనే మొదలుపెడితే అది సరిపోతుంది.

కృష్ణా_ఆకాశం (విజయవాడ):

వాయేజర్ సంగతి నేను చెబుతాను, అది మీకు నేరుగా పనికొస్తుంది.

2023 నవంబరులో వాయేజర్ 1 అర్థంలేని డేటా పంపడం మొదలుపెట్టింది. దూరం దాదాపు 2,400 కోట్ల కిలోమీటర్లు. ఇక్కణ్ణుంచి ఒక మాట చేరడానికి 22 గంటల 30 నిమిషాలు, జవాబు రావడానికి అంతే. వాళ్లు తొందరపడి కొత్త ప్రోగ్రాం ఎక్కించలేదు. ముందు నౌకలో డేటా సర్ది పంపే కంప్యూటర్ మెమరీ మొత్తాన్ని చదివి పంపించమన్నారు. 2024 మార్చిలో అది అందింది. పాతరోజుల్లో బాగున్నప్పుడు తీసిన ప్రతితో పక్కపక్కన పెట్టి పోల్చారు. ఒక్క చిప్ పోయింది, ఆ కంప్యూటర్ మెమరీలో 3 శాతం దాని మీద ఉంది. పోయిన కోడ్ అంతా పట్టేంత ఖాళీ ఇంకెక్కడా లేదు. అందుకని ముక్కలు చేసి, దొరికిన సందుల్లో సర్ది, ఆ ముక్కల్ని పిలిచే చోటల్లా చిరునామాలు మార్చారు.

ఆ తర్వాత చేసింది చూడండి. మొత్తం ఒకేసారి పంపలేదు. నౌక ఆరోగ్యం చెప్పే ఇంజినీరింగ్ డేటాకి సంబంధించిన ముక్క ఒక్కటే ఏప్రిల్ 18న పంపారు. 20న సరైన జవాబొచ్చింది. అది కుదురుకున్నాకే సైన్స్ పరికరాల వంతు. జూన్‌కి నాలుగూ పనిలో పడ్డాయి. పటమట గారు చెప్పిన 'పరీక్ష కంప్యూటర్' పద్ధతే ఇది. వాళ్ల దగ్గరున్నది ఒక్కటే యంత్రం కనుక దాన్నే భాగాలు చేసుకున్నారు.

వాయేజర్ 2ది ఇంకో పాఠం. 2023 జులై 21న తప్పు ఆదేశం పంపితే దాని యాంటెన్నా భూమి నుంచి 2 డిగ్రీలు పక్కకి తిరిగి, మాట్లాడుకోవడమే ఆగిపోయింది. ఆస్ట్రేలియాలో కాన్‌బెరా దగ్గరున్న పెద్ద డిష్‌తో బలంగా కేక పెట్టి ఆగస్టు 4కి సరిచేశారు. ఆ కేక వినపడకపోయినా అక్టోబరు 15న అదే తిరిగి భూమి వైపు చూసేది. మన మాట అందకపోయినా కొన్ని నెలలకోసారి తనంతట తాను దిశ సరిచూసుకునేలా తయారుచేసి పంపారు. మనిషి చెయ్యి వేయలేని చోటికి పంపేటప్పుడు ఆ ఏర్పాటు ముందే ఉండాలి. క్రౌడ్‌స్ట్రైక్ ఫైలు విషయంలో లేనిది సరిగ్గా ఇదే.

అరండల్‌పేట_నెట్ (గుంటూరు):

పటమట గారితో ఒక్కచోట ఒప్పుకోను. డేటా ఉన్న కంప్యూటర్‌కి 14 రోజులు ఎక్కువండీ. మిగతా అయిదూ చెయ్యి పెట్టేది దాంట్లోకే, అందరికన్నా ముందు తగిలేది దానికే. 7 రోజులు చాలు. ఆ వారంలో పాడయ్యేది ఏదన్నా ఉంటే బయటపడుతుంది. దాడి ఇప్పటికే జరుగుతోందని మైక్రోసాఫ్ట్ చెప్పిన రంధ్రమైతే అసలు ఆగొద్దు, ఆ రాత్రే బ్యాకప్ తీసి వేసేయండి.

ఇక విండోస్ 10 రెండింటి గురించి ఎవరూ చెప్పలేదు. దానికి ఉచిత ప్యాచ్‌లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. వ్యాపార కంప్యూటర్లకి పొడిగింపు కొనుక్కోవచ్చు: ఒక్కోదానికి తొలి ఏడాది 61 డాలర్లు, రెండో ఏడాది 122, మూడో ఏడాది 244. ఆలస్యంగా చేరినా వెనక ఏడాదిది కూడా కట్టాలి. ఏడో తరం ఐ5కి అంత పెట్టడం దండగ. రిజిస్ట్రీ మార్చి 11 ఎక్కించే చిట్కాలు చలామణీలో ఉన్నాయి. వద్దు; ముందుముందు వచ్చే వెర్షన్లు దాని మీద పడతాయన్న హామీ లేదు, మీకు కావాల్సిందే ఆ హామీ.

కొత్తవి కొనేదాకా వాటికి ఇంటర్నెట్ తీసేయండి. ఐపీ (నెట్‌వర్క్ చిరునామా) చేత్తో ఇచ్చి, గేట్‌వే (బయటి నెట్‌కి దారి) గడి ఖాళీగా వదిలేస్తే లాన్ మీద ట్యాలీ నడుస్తుంది, బయటికి పోదు. ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. అదే నెట్‌వర్క్ ప్రాపర్టీస్‌లో ఐపీవీ6 (కొత్త తరహా చిరునామాల పద్ధతి) టిక్కు కూడా తీయాలి. తీయకపోతే ఫైబర్ రౌటర్ ఆ దారిన నెట్ ఇచ్చేస్తుంది, మీరేమో తెగిపోయిందనుకుంటారు. ఈ రెండింట్లో బయటి పెన్‌డ్రైవ్ పెట్టకూడదు. ఈ-వే బిల్లులు, బ్యాంకు పని విండోస్ 11 వాటిలోనే.

'విండోస్ ఫీచర్స్' జాబితాలో ఎస్ఎంబీ 1.0 (పాతకాలపు ఫైల్ షేరింగ్ పద్ధతి) టిక్కు ఉంటే తీసేయండి, వానాక్రై దూరింది అందులోంచే. తీశాక పాత స్కానర్ ఏదన్నా ఫోల్డర్‌లోకి ఫైలు పంపలేకపోతే అది ఆ పాత పద్ధతి తప్ప ఎరగనిదన్నమాట. దానికోసం మళ్లీ తెరవొద్దు, యూఎస్‌బీతో వాడుకోండి.

యార్డ్_లెక్కలు (గుంటూరు):

చాలా స్పష్టంగా చెప్పారు, ధన్యవాదాలు. రెండు అనుమానాలు. బ్యాకప్ రోజూ సాయంత్రం అదే కంప్యూటర్ డి డ్రైవ్‌లోకి, దానికే ఎప్పుడూ తగిలించి ఉండే హార్డ్ డిస్క్‌లోకి పోతోంది. సరిపోతుందా? పరీక్ష కంప్యూటర్‌కి ముందు అప్‌డేట్ పడి ప్రింటరున్నదానికి పడకపోతే ప్రింట్ ఆగుతుందా?

కృష్ణా_ఆకాశం (విజయవాడ):

బ్యాకప్ సరిపోదండీ. 1996 జూన్ 4న ఏరియన్ 5 రాకెట్ లేచిన నిమిషంలోపే దారి తప్పి పేలిపోయింది. దాని దిశానిర్దేశక కంప్యూటర్లో 16 బిట్ల గడిలో 32,767 దాకానే పడుతుంది, అంతకన్నా పెద్ద అంకె వచ్చింది. ఆ కంప్యూటర్‌కి తోడుగా రెండోది ఉంది. కానీ అందులోనూ అదే సాఫ్ట్‌వేర్, దానికి అందిందీ అదే అంకె. రెండూ ఒకే కారణంతో ఆగిపోయాయి. మీ డి డ్రైవ్, తగిలించి ఉన్న డిస్క్ అలాంటి జోడే. రాన్సమ్‌వేర్ దూరితే కనపడే డ్రైవ్‌లన్నీ తాళం వేస్తుంది.

పటమట_సిస్టమ్స్ (విజయవాడ):

అరండల్‌పేట గారన్న 7 రోజులకి నేనూ సరే. పైన 14 అన్నది మార్చుకోండి.

బ్యాకప్‌కి రెండు హార్డ్ డిస్కులు పెట్టుకోండి. ఒకటి సోమ, బుధ, శుక్ర. రెండోది మంగళ, గురు, శని. బ్యాకప్ అవగానే వైరు పీకి, ఆరోజుది ఇంటికి పోవాలి, అదీ పై అంతస్తుకి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్లో రోజుల తరబడి నీళ్లు నిలిచిన సంగతి తెలిసిందే. కింది గదిలో కంప్యూటర్, పక్కనే డిస్క్ ఉంటే రెండూ ఒకేసారి నానుతాయి.

ట్యాలీప్రైమ్‌లో ఆల్ట్+వై నొక్కితే బ్యాకప్, రీస్టోర్ రెండూ ఉంటాయి. నెలకోసారి రీస్టోర్ చేసి చూడండి, కానీ వేరే ఖాళీ ఫోల్డర్‌లోకి. అసలు డేటా ఉన్న ఫోల్డర్ ఇస్తే పాత బ్యాకప్ నేటి లెక్కల మీద పడి తుడిచేస్తుంది. రీస్టోర్ అయ్యాక ఆ తేదీ క్యాష్ ముగింపు నిల్వ పుస్తకంతో కలుస్తోందా చూస్తే చాలు. డేటా కంప్యూటర్ మార్చే రోజు వస్తే ఫార్మాట్ కన్నా ముందు ట్యాలీ లైసెన్స్ సరెండర్ చేయడం మర్చిపోవద్దు.

అరండల్‌పేట_నెట్ (గుంటూరు):

ప్రింటర్ గురించి మీ అనుమానం నిజమే. 2021 సెప్టెంబరు అప్‌డేట్‌తో సరిగ్గా అదే వచ్చింది: షేర్ చేసిన ప్రింటర్‌కి పక్క కంప్యూటర్ నుంచి పంపితే 11బితో ముగిసే ఎర్రర్. రెండు కంప్యూటర్లు మాట్లాడుకునే పద్ధతి గట్టిపరిచారు, ఒకటి కొత్త పద్ధతిలో అడిగితే రెండోది పాత పద్ధతిలో జవాబిచ్చింది. రిజిస్ట్రీలో ఒక విలువ సున్నా చేస్తే ప్రింట్ వస్తుందని అప్పట్లో అందరూ చెప్పుకున్నారు. అది ఆ గట్టిపరిచినదాన్ని తీసేయడమే, చేయకండి.

ప్రింటర్‌ని ఏ కంప్యూటర్‌కీ తగిలించకుండా నేరుగా లాన్‌లో పెట్టేస్తే ఈ తగువు ఉండదు. వెనక నెట్‌వర్క్ వైరు పెట్టే చోటుంటే రౌటర్‌కి కలపండి. లేకపోతే మీ ప్రింటర్ మోడల్‌కి పనిచేస్తుందని అడిగి, యూఎస్‌బీ ప్రింట్ సర్వర్ డబ్బా ఒకటి కొనండి. రౌటర్లో ఆ ప్రింటర్‌కి మారని ఐపీ కేటాయించండి, లేకపోతే కరెంటు పోయి వచ్చినరోజు అడ్రస్ మారి అందరికీ 'ఆఫ్‌లైన్' అంటుంది. ఆ ఐపీతోనే ఆరింట్లోనూ విడివిడిగా ప్రింటర్ యాడ్ చేసి, పాత షేర్ తీసేయండి. రౌటర్, ఆ డబ్బా రెండిటినీ యూపీఎస్ మీదే ఉంచండి.